థాచర్ ఆర్థిక విధానాలు – వామపక్ష విమర్శ (బ్రిటన్, 1979–1990)

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది అంశాలను సొంత మాటల్లో వివరించగలుగుతారు:

• రెండో ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్‌లో ఏర్పడిన ఆర్థిక ఏకాభిప్రాయం, 1970లలో అది దెబ్బతిన్న తీరు
• మార్గరెట్ థాచర్ ప్రభుత్వ ఆర్థిక విధానంలోని ముఖ్యాంశాలు
• ఆ విధానంపై వచ్చిన వామపక్ష విమర్శలోని మూడు ధారలు, వాటి మధ్య తేడాలు
• ఒక రాజకీయ విమర్శను ఆధారాలతో అంచనా కట్టే పద్ధతి

2. విషయ పరిచయం

పెట్టుబడిదారీ విధానంపై వామపక్ష విమర్శను గురించి రాయమని పరీక్షలో అడిగితే చాలామంది విద్యార్థులు కార్ల్ మార్క్స్‌తో మొదలుపెట్టి, అదనపు విలువ, వర్గ పోరాటం అనే భావనలను నిర్వచించి, సమాధానం ముగిస్తారు. ఆ నిర్వచనాలు అవసరమే. అయితే చరిత్ర విద్యార్థికి అవి సరిపోవు. ఒక దేశంలో, ఒక కాలంలో, ఒక ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలపై ఆ విమర్శ ఏ రూపంలో వచ్చింది, ఎవరు చేశారు, అందులో ఏది నిజమైంది, ఏది కాలేదు అన్న ప్రశ్నలు వేసుకోవాలి.

ఇందుకు బ్రిటన్‌లో 1979 నుంచి 1990 వరకు సాగిన థాచర్ పాలన మంచి ఉదాహరణ. పారిశ్రామిక విప్లవం మొదలైన దేశం అది. బలమైన కార్మిక సంఘాలు, లేబర్ పార్టీ, పేరున్న విశ్వవిద్యాలయాలు ఉన్న దేశం. ఆ ప్రభుత్వాన్ని విమర్శించినవారికి చదువు, అనుభవం, సంస్థాబలం అన్నీ ఉన్నాయి. వారు చేసిన హెచ్చరికల్లో అనేకం నిజమయ్యాయి కూడా. అయినా కన్జర్వేటివ్ పార్టీ 1979, 1983, 1987 ఎన్నికల్లో వరుసగా మూడుసార్లు గెలిచింది. నష్టపోయినవారిలోనే కొందరు ఆ పార్టీకి ఓటు వేశారు. ఇలా ఎందుకు జరిగింది? ఈ పాఠం చదువుతున్నంతసేపు ఈ ప్రశ్నను మనసులో ఉంచుకోండి.

3. యుద్ధానంతర ఏకాభిప్రాయం, దాని పతనం

1942లో విలియం బెవరిడ్జ్ సమర్పించిన నివేదిక బ్రిటన్ సంక్షేమ రాజ్యానికి పునాది వేసింది. 1945లో అధికారంలోకి వచ్చిన క్లెమెంట్ అట్లీ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వం 1947 జనవరి 1న బొగ్గు గనులను జాతీయం చేసింది. 1948లో రైల్వేలు జాతీయమయ్యాయి. అదే ఏడాది జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. 1951లో కన్జర్వేటివ్‌లు అధికారానికి వచ్చినా ఈ నిర్మాణాన్ని కూల్చలేదు. నిరుద్యోగం పెరగకుండా చూడటం ప్రభుత్వ బాధ్యత అని రెండు పార్టీలూ అంగీకరించాయి. జాన్ మేనార్డ్ కీన్స్ సిద్ధాంతం దీనికి మేధోబలం ఇచ్చింది. మాంద్యం వచ్చినప్పుడు ప్రభుత్వం ఖర్చు పెంచి డిమాండ్‌ను నిలబెట్టాలన్నది ఆ సిద్ధాంత సారం. చరిత్రకారులు దీన్ని యుద్ధానంతర ఏకాభిప్రాయం అంటారు.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరగటంతో ఈ ఏర్పాటు ఒత్తిడికి లోనైంది. 1975లో బ్రిటన్ ద్రవ్యోల్బణం 24 శాతానికి చేరింది. ధరలు, నిరుద్యోగం రెండూ కలిసి పెరగటాన్ని కీన్స్ అనుచరులు సులభంగా వివరించలేకపోయారు. 1976లో లేబర్ ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 390 కోట్ల డాలర్ల రుణం కోరి, షరతుల ప్రకారం ప్రభుత్వ వ్యయాన్ని తగ్గించింది. ఈ విషయాన్ని మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. వ్యయ నియంత్రణ థాచర్‌తో మొదలు కాలేదు. ఆమెకు ముందున్న లేబర్ ప్రభుత్వమే ఆ దారిలో తొలి అడుగు వేసింది.

1978–79 శీతాకాలంలో వేతన పరిమితులకు వ్యతిరేకంగా లారీ డ్రైవర్లు, ఆస్పత్రి సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికులు సమ్మెలు చేశారు. వీధుల్లో చెత్త పేరుకుపోయింది. 1979 మార్చి 28న ప్రధాని జేమ్స్ కల్లహన్ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. మే 3న జరిగిన ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లు గెలిచి, మరునాడు థాచర్ ప్రధాని అయ్యారు.

4. థాచర్ ఆర్థిక విధానం: ముఖ్యాంశాలు

థాచర్ ప్రభుత్వ ఆలోచనలకు రెండు మూలాలు ఉన్నాయి. మొదటిది ఫ్రీడ్రిక్ హాయెక్ వాదం. ప్రభుత్వ ప్రణాళిక పెరిగేకొద్దీ వ్యక్తి స్వేచ్ఛ తగ్గుతుందని ఆయన 1944లోనే రాశారు. రెండోది మిల్టన్ ఫ్రీడ్‌మన్ ప్రచారం చేసిన ద్రవ్యవాదం. ఆర్థిక వ్యవస్థలో ద్రవ్య సప్లయ్ అదుపు తప్పటమే ద్రవ్యోల్బణానికి కారణమని, దాన్ని అదుపు చేస్తే ధరలు దారికి వస్తాయని ఈ వాదం చెబుతుంది. ఈ భావాలను కన్జర్వేటివ్ పార్టీలోకి తెచ్చినవారిలో కీత్ జోసెఫ్ ముఖ్యుడు.

1979 జూన్‌లో ఆర్థిక మంత్రి జెఫ్రీ హౌ తొలి బడ్జెట్ ప్రవేశపెట్టారు. ఆదాయపు పన్నులో గరిష్ఠ రేటు 83 శాతం నుంచి 60 శాతానికి తగ్గింది. మూల రేటు 33 నుంచి 30 శాతానికి దిగింది. ఈ లోటు పూడ్చటానికి విలువ ఆధారిత పన్నును 15 శాతానికి పెంచారు. ప్రత్యక్ష పన్ను ఆదాయాన్ని బట్టి ఉంటుంది. పరోక్ష పన్నును సరుకు కొన్న ప్రతివారూ ఒకే రేటున కడతారు. కాబట్టి పన్ను భారం పైనుంచి కిందికి జరిగిందని విమర్శకులు తొలిరోజే అన్నారు.

అదే ఏడాది అక్టోబరులో విదేశీ మారకంపై నియంత్రణలు రద్దయ్యాయి. నవంబరులో కీలక వడ్డీ రేటు 17 శాతానికి చేరింది. 1980 గృహ చట్టం ద్వారా స్థానిక సంస్థల ఇళ్లలో అద్దెకు ఉన్నవారికి ఆ ఇళ్లను రాయితీ ధరకు కొనుక్కునే హక్కు వచ్చింది. 1980, 1982, 1984 చట్టాలు కార్మిక సంఘాల అధికారాలను కుదించాయి. 1984లో బ్రిటిష్ టెలికాం, 1986లో బ్రిటిష్ గ్యాస్, 1987లో బ్రిటిష్ ఎయిర్‌వేస్, 1989లో ఇంగ్లండ్, వేల్స్ నీటి సరఫరా సంస్థలు ప్రైవేటు రంగానికి వెళ్లాయి. 1988లో గరిష్ఠ పన్ను రేటు 40 శాతానికి దిగింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) యుద్ధానంతర ఏకాభిప్రాయం అంటే ఏమిటి?
(ఆ) 1979 బడ్జెట్‌లో పన్నుల భారం ఎటునుంచి ఎటు మారింది?

5. మొదటి ధార: ఆర్థికవేత్తల విమర్శ

అధిక వడ్డీ రేట్ల వల్ల పౌండు విలువ పెరిగింది. ఉత్తర సముద్రంలో చమురు దొరకటం దాన్ని ఇంకా పెంచింది. బ్రిటన్ సరుకులు విదేశాల్లో ఖరీదై ఎగుమతులు దెబ్బతిన్నాయి. 1979–81 మధ్య వస్తు తయారీ రంగం ఉత్పత్తి సుమారు 15 శాతం పడిపోయింది. 1982 జనవరి నాటికి నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. ప్రభుత్వం అధికారంలోకి వచ్చిన నాటి సంఖ్యకు ఇది రెట్టింపు కంటే ఎక్కువ.

కేంబ్రిడ్జ్ ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ ఈ విధానాన్ని ప్రభువుల సభలోనూ, తన రచనల్లోనూ తీవ్రంగా ఖండించారు. ఈ పేరు భారత ఆర్థిక వ్యవస్థ చదివినవారికి పరిచయమే. 1956లో భారత ప్రభుత్వం కోరగా మన పన్నుల వ్యవస్థపై నివేదిక ఇచ్చింది ఆయనే. 1957లో మన దేశంలో వచ్చిన సంపద పన్ను, వ్యయ పన్ను చట్టాలకు ఆ నివేదికే ప్రేరణ. ద్రవ్య సప్లయ్‌ను కేంద్ర బ్యాంకు కుళాయిలా తిప్పి అదుపు చేయలేదని ఆయన వాదించారు. వ్యాపారులకు, కుటుంబాలకు కావలసిన అప్పును బట్టి ద్రవ్యం పెరుగుతుంది. దాన్ని బలవంతంగా ఆపాలని వడ్డీ పెంచితే ముందుగా మూతపడేవి కర్మాగారాలే అని ఆయన హెచ్చరించారు. ఈ వాదానికి ప్రభుత్వ లెక్కలే ఆధారమిచ్చాయి. 1980–81కి ద్రవ్య సప్లయ్ పెరుగుదల 7–11 శాతం మధ్య ఉండాలని లక్ష్యం పెట్టుకోగా, అసలు పెరుగుదల దాన్ని చాలా మించిపోయింది. కొన్నేళ్లలో ప్రభుత్వం ఆ లక్ష్యాలను పక్కన పెట్టింది.

1981 మార్చి బడ్జెట్‌లో, మాంద్యం సాగుతుండగానే హౌ పన్నులు పెంచారు. కీన్స్ సిద్ధాంతం ప్రకారం ఇది చేయవలసిన దానికి పూర్తిగా విరుద్ధం. మార్చి 30న ‘ది టైమ్స్’ పత్రికలో 364 మంది విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తల ప్రకటన వెలువడింది. ఫ్రాంక్ హాన్, రాబర్ట్ నీల్డ్ దీన్ని నిర్వహించారు. సంతకాలు చేసినవారిలో తరువాతి కాలంలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ అయిన మెర్విన్ కింగ్ కూడా ఉన్నారు. ప్రభుత్వ విధానం మాంద్యాన్ని మరింత లోతుకు తీసుకుపోతుందని, పారిశ్రామిక పునాదిని దెబ్బతీస్తుందని, సామాజిక స్థిరత్వానికి ముప్పు తెస్తుందని వారు ప్రకటించారు.

ఈ 364 మందిలో అందరూ వామపక్షం వారు కాదు. వారి ప్రకటన తరువాత ఏమైందో చూడండి. 1981 మధ్య నుంచి స్థూల దేశీయోత్పత్తి మళ్లీ పెరగటం మొదలైంది. 1980 మే నెలలో దాదాపు 22 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 1983కి 5 శాతం లోపుకు వచ్చింది. ఆర్థికవేత్తల జోస్యం తప్పిందని ప్రభుత్వ సమర్థకులు నేటికీ అంటారు. కానీ నిరుద్యోగం 1986 వరకు పెరుగుతూనే ఉంది. 1981 ఏప్రిల్‌లో లండన్‌లోని బ్రిక్స్‌టన్, జూలైలో లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ అల్లర్లతో అట్టుడికాయి. ఒకే ప్రకటన, ఉత్పత్తి లెక్క చూసినవారికి తప్పుగా, ఉద్యోగాల లెక్క చూసినవారికి ఒప్పుగా కనిపిస్తుంది. గణాంకాలతో వాదించేవారిని మీరు మొదట అడగవలసింది, ఏ లెక్క చూపుతున్నారు, ఏ లెక్క వదిలేస్తున్నారు అని.

6. రెండో ధార: కార్మికోద్యమం, లేబర్ వామపక్షం

రెండో ధారకు పార్లమెంటులో టోనీ బెన్, కార్మిక సంఘాల్లో ఆర్థర్ స్కార్‌గిల్ ప్రతినిధులు. 1945 నాటి ఏర్పాటును కాపాడుకుంటే చాలదని, దాన్ని ముందుకు తీసుకుపోవాలని వీరి అభిప్రాయం. ‘ప్రత్యామ్నాయ ఆర్థిక వ్యూహం’ పేరుతో వీరు ఒక కార్యక్రమాన్ని రూపొందించారు. దిగుమతులపై నియంత్రణ, పెద్ద కంపెనీలతో ప్రణాళికా ఒప్పందాలు, ప్రభుత్వ పెట్టుబడి పెంపు, పరిశ్రమల నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యం ఇందులో ముఖ్యాంశాలు. 1983 ఎన్నికల్లో లేబర్ పార్టీ ప్రణాళికలో వీటికి చోటు దక్కింది. కానీ ఆ పార్టీకి 27.6 శాతం ఓట్లే వచ్చాయి. 1981లో లేబర్ నుంచి చీలిపోయిన సోషల్ డెమోక్రటిక్ పార్టీ, లిబరల్ పార్టీతో కలిసి 25.4 శాతం ఓట్లు తెచ్చుకుంది. 42.4 శాతం ఓట్లతో కన్జర్వేటివ్‌లకు 397 సీట్లు వచ్చాయి. 1982 ఫాక్‌లాండ్ యుద్ధ విజయం కూడా వారికి కలిసి వచ్చింది.

ఈ ధారకు అసలు పరీక్ష 1984–85 బొగ్గు గని కార్మికుల సమ్మె. 1984 మార్చి 6న జాతీయ బొగ్గు బోర్డు 20 గనులు మూసివేస్తామని, 20,000 ఉద్యోగాలు తగ్గుతాయని ప్రకటించింది. నష్టాల్లో ఉన్న గనులను ప్రజాధనంతో నడపటం సరికాదని ప్రభుత్వ వాదన. గని లెక్కల పుస్తకంలో కనిపించే నష్టం ఒక్కటే నష్టం కాదని కార్మిక సంఘం సమాధానం. గని మూసివేస్తే నిరుద్యోగ భృతి చెల్లించాలి, పన్నుల ఆదాయం పోతుంది, గని మీద ఆధారపడిన ఊరి అంగడి, బడి, బస్సు అన్నీ దెబ్బతింటాయి. ఈ ఖర్చులు బోర్డు లెక్కల్లోకి రావు. సమాజం ఖాతాలో పడతాయి. పెట్టుబడిదారీ లెక్కల పద్ధతిపై వామపక్షం చేసే విమర్శకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకటం కష్టం.

ప్రభుత్వం ముందే సిద్ధపడి ఉంది. 1974లో గని కార్మికుల సమ్మె నేపథ్యంలో ఎడ్వర్డ్ హీత్ ప్రభుత్వం పడిపోయిన సంగతి కన్జర్వేటివ్‌లు మరచిపోలేదు. విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు నిల్వలు పెంచారు. సమ్మె ఏడాదిపాటు సాగింది. 11,000 మందికి పైగా అరెస్టయ్యారు. 1984 జూన్ 18న ఆర్‌గ్రీవ్ వద్ద పోలీసులకు, కార్మికులకు తీవ్ర ఘర్షణ జరిగింది. అక్కడ అరెస్టు చేసి అభియోగాలు మోపిన 95 మందిపై కేసులు నిలబడలేదు. గని కార్మికుల భార్యలు, అక్కచెల్లెళ్లు సామూహిక వంటశాలలు నడిపి సమ్మెను నిలబెట్టారు. అయితే స్కార్‌గిల్ జాతీయ స్థాయిలో రహస్య బ్యాలెట్ జరపలేదు. నాటింగ్‌హామ్‌షైర్ కార్మికుల్లో అత్యధికులు పనిలోనే కొనసాగారు. 1985 మార్చిలో ఒప్పందమేమీ లేకుండానే సమ్మె ముగిసింది.

సమ్మె సమయంలో స్కార్‌గిల్ ప్రభుత్వం దాచిన జాబితాలో 70కి పైగా గనులు ఉన్నాయని ఆరోపించారు. ప్రభుత్వం ఖండించింది. 2014 జనవరిలో విడుదలైన మంత్రివర్గ పత్రాల్లో, మూడేళ్లలో 75 గనులు మూసివేయాలన్న ప్రణాళిక 1983 సెప్టెంబరు నాటికే చర్చకు వచ్చినట్లు తేలింది. దాన్ని కాగితంపై పెట్టకుండా జాగ్రత్తపడాలన్న సూచన కూడా ఆ పత్రాల్లో ఉంది. ఆరోపణకు, ఆధారానికి మధ్య 30 ఏళ్లు పట్టింది. ఈలోగా గనులన్నీ దాదాపు మూతపడ్డాయి. 2015 డిసెంబరులో చివరి లోతు గని కెల్లింగ్లీ కూడా మూతపడింది. పాలకుల మాటను, తరువాత బయటపడే దస్తావేజును పోల్చి చూడటం చరిత్రకారుడి పని అని చెప్పటానికి ఈ ఉదంతం చాలు.

7. మూడో ధార: స్టూవర్ట్ హాల్ వేసిన ప్రశ్న

మొదటి రెండు ధారలూ థాచర్ విధానం తప్పని నిరూపించటానికి ప్రయత్నించాయి. మూడో ధార ఇంకో ప్రశ్న వేసింది. తప్పని మనం అంటున్న విధానం సామాన్యులకు ఎందుకు సబబుగా తోస్తోంది?

ఈ ప్రశ్న వేసిన స్టూవర్ట్ హాల్ 1932లో జమైకాలో పుట్టారు. 1951లో చదువుకోసం ఆక్స్‌ఫర్డ్ వచ్చి బ్రిటన్‌లో స్థిరపడ్డారు. 1979లో బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో సామాజిక శాస్త్ర ఆచార్యులుగా చేరి 1997 వరకు బోధించారు. మీలాగే ఉద్యోగాలు, ఇంటి పనులు చేసుకుంటూ చదివే విద్యార్థుల కోసం ఆయన పాఠాలు తయారుచేశారు. 1969లో లేబర్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఆ విశ్వవిద్యాలయం అనుభవం, 1982లో హైదరాబాదులో ఏర్పడిన మన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మార్గం చూపింది.

థాచర్ ఇంకా ప్రధాని కాకముందే, 1979 జనవరిలో ‘మార్క్సిజం టుడే’ పత్రికలో హాల్ ఒక వ్యాసం రాశారు. రాబోయేది మామూలు ప్రభుత్వ మార్పు కాదని, సమాజపు ఆలోచనాధోరణి మారుతోందని అందులో హెచ్చరించారు. ఇటలీ మార్క్సిస్టు అంటోనియో గ్రాంసీ భావనలను ఆయన ఉపయోగించారు. పాలకవర్గం బలప్రయోగంతో మాత్రమే పాలించదు. తన ఆలోచనలను జనం ఇంగితజ్ఞానంగా మార్చి వారి సమ్మతితో పాలిస్తుంది. దీన్ని గ్రాంసీ భావాధిపత్యం అన్నారు.

థాచర్ దేశ బడ్జెట్‌ను గృహిణి ఇంటి ఖర్చుతో పోల్చి మాట్లాడేవారు. ఉన్నదానిలో సర్దుకోవాలి, అప్పు చేయకూడదు అన్న మాట ప్రతి ఇంట్లోనూ వినేదే. దేశపు లెక్క ఇంటి లెక్కలా ఉండదని ఆర్థికవేత్తలు ఎన్ని పేజీలు రాసినా ఆ పోలికకున్న బలం వాటికి రాలేదు. స్థానిక సంస్థ ఇంట్లో అద్దెకున్న కుటుంబం అనుభవం కూడా ఇలాంటిదే. తలుపుకు రంగు వేసుకోవాలన్నా అధికారి అనుమతి కావలసిన స్థితి చాలాచోట్ల ఉండేది. అలాంటి కుటుంబానికి ఇల్లు సొంతం చేసుకునే అవకాశం ఇస్తే కాదంటుందా? థాచర్ పాలన ముగిసేనాటికి పది లక్షలకు పైగా ఇళ్లు ఇలా అమ్ముడయ్యాయి. అమ్మగా వచ్చిన డబ్బుతో కొత్త ఇళ్లు కట్టకుండా స్థానిక సంస్థలకు పరిమితులు పెట్టటం వల్ల తరువాతి తరానికి అద్దె ఇళ్ల కొరత వచ్చిందన్నది నిజమే. కానీ ఆ నష్టం తరువాత తెలిసింది. ఇంటి తాళం ఆనాడే చేతికి వచ్చింది.

సంక్షేమ రాజ్యం పట్ల, దాని అధికారుల తీరు పట్ల జనంలో ఉన్న నిజమైన అసంతృప్తిని థాచర్ వాడుకున్నారని, వామపక్షం దాన్ని గుర్తించనైనా లేదని హాల్ విమర్శించారు. అంటే ఆయన విమర్శ ప్రభుత్వం మీద ఎంత ఉందో సొంత పక్షం మీదా అంతే ఉంది. 1978లో చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ కూడా కార్మికోద్యమం ముందడుగు ఆగిపోయిందా అని ప్రశ్నించారు.

వామపక్షంలో అందరూ దీనితో ఏకీభవించలేదు. హాల్ భావజాలానికి అతిగా ప్రాధాన్యమిచ్చారని 1984లో బాబ్ జెస్సప్, ఆయన సహరచయితలు అన్నారు. థాచర్‌కు జనం మనసులు గెలిచినంత బలం లేదని, ప్రతిపక్షం చీలిపోవటం, కొన్ని వర్గాలకు ప్రత్యక్ష లాభాలు దక్కటమే గెలుపుకు కారణమని వారి వాదం. కన్జర్వేటివ్ ఓట్లు మూడు ఎన్నికల్లో ఎన్నడూ 44 శాతానికి చేరలేదన్నది వారికి అనుకూలించే ఆధారం. 1983లో కార్మిక సంఘ సభ్యుల్లోనే సుమారు ముగ్గురిలో ఒకరు కన్జర్వేటివ్‌లకు ఓటు వేశారన్న సర్వే ఫలితం హాల్‌కు అనుకూలించే ఆధారం. రెండింటినీ మీ సమాధానంలో చూపండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) గని నష్టాల విషయంలో బొగ్గు బోర్డు లెక్కకు, కార్మిక సంఘం లెక్కకు తేడా ఏమిటి?
(ఆ) భావాధిపత్యం అనే భావనను ఇళ్ల అమ్మకం ఉదాహరణతో వివరించండి.

8. ప్రైవేటీకరణ, అసమానత, పోల్ టాక్స్

ప్రభుత్వ సంస్థల వాటాలను సామాన్యులకు అమ్మటం ద్వారా ‘ప్రజా పెట్టుబడిదారీ విధానం’ వస్తుందని ప్రభుత్వం చెప్పింది. 1980లలో వాటాదారుల సంఖ్య సుమారు 30 లక్షల నుంచి మూడింతలకు పెరిగింది. అయితే చాలామంది కొద్దిపాటి వాటాలు కొని, ధర పెరగ్గానే అమ్ముకున్నారు. ప్రజలందరి సొత్తును కొందరికి తక్కువ ధరకు కట్టబెట్టారని వామపక్షం విమర్శించింది. ఆశ్చర్యమేమంటే 1985లో ఇదే తరహా విమర్శ కన్జర్వేటివ్ మాజీ ప్రధాని హెరాల్డ్ మాక్‌మిలన్ నుంచి వచ్చింది. ఆయన దీన్ని చితికిపోయిన కుటుంబం ఇంట్లోని వెండి సామాను అమ్ముకోవటంతో పోల్చారు. ఒక విమర్శ వామపక్షం నోట వచ్చినంత మాత్రాన అది వామపక్షానికే పరిమితం కాదని దీనివల్ల తెలుస్తుంది.

అసమానత విషయంలో లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. ఆదాయ అసమానతను కొలిచే గిని గుణకం 1979లో సుమారు 0.25 ఉండగా 1990 నాటికి 0.34కు చేరింది. సున్నా అంటే అందరికీ సమాన ఆదాయం, ఒకటి అంటే మొత్తం ఒక్కరికే. పదకొండేళ్లలో ఇంత పెరుగుదల ఆనాటి సంపన్న దేశాల్లో అరుదు. కార్మిక సంఘాల సభ్యత్వం 1979లో కోటి 30 లక్షలు ఉండగా 1990కి కోటి లోపుకు పడిపోయింది.

చివరకు థాచర్‌ను దెబ్బతీసింది పోల్ టాక్స్. ఇంటి విలువను బట్టి కట్టే స్థానిక పన్ను స్థానంలో వయోజనులందరూ తలకింత చొప్పున కట్టే పన్నును 1989లో స్కాట్లాండ్‌లో, 1990 ఏప్రిల్‌లో ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలుచేశారు. నిరుపేదలకు రాయితీ ఇచ్చినా కనీసం అయిదో వంతు కట్టక తప్పలేదు. భవంతిలో ఉండే ప్రభువు, గదిలో అద్దెకుండే కూలి ఒకే మొత్తం కట్టాలన్న మాట ఎవరికైనా అర్థమైంది. లక్షలాదిమంది పన్ను కట్టలేదు. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ వద్ద భారీ ప్రదర్శన హింసాత్మకంగా మారింది. ఐరోపా విధానంపై సొంత పార్టీలో తగాదాలు కూడా తోడై నవంబరులో థాచర్ రాజీనామా చేశారు. 1979లో విలువ ఆధారిత పన్ను పెంపుపై అంత కదలిక రాలేదు, 1990లో ఎందుకు వచ్చింది? ఆ పన్ను సరుకు ధరలో కలిసిపోయింది. పోల్ టాక్స్ బిల్లు ప్రతి ఒక్కరి పేరున ఇంటికి వచ్చింది.

9. విమర్శను అంచనా కట్టటం

ఏ రాజకీయ విమర్శనైనా మూడు ప్రశ్నలతో పరిశీలించమని నా సలహా. దాని అంచనాలు నిజమయ్యాయా? మార్పు భారం ఎవరిపై పడిందో అది సరిగా చూపిందా? అది సూచించిన ప్రత్యామ్నాయాన్ని జనం నమ్మారా?

మొదటి ప్రశ్నకు సమాధానం మిశ్రమం. ఉత్పత్తి కోలుకోదన్న భయం నిజం కాలేదు. ద్రవ్యోల్బణం 1980ల తొలి భాగంలో తగ్గింది, దశాబ్దం చివర్లో మళ్లీ పెరిగింది. దీర్ఘకాలిక నిరుద్యోగం, గనుల మూసివేత, అద్దె ఇళ్ల కొరత విషయంలో విమర్శకుల హెచ్చరికలు నిజమయ్యాయి. రెండో ప్రశ్న విషయంలో విమర్శ బలంగా నిలుస్తుంది. భారం ఉత్తర ఇంగ్లండ్, దక్షిణ వేల్స్, స్కాట్లాండ్ పారిశ్రామిక పట్టణాలపై పడిందని, లాభం ఎక్కువగా ఆగ్నేయ ప్రాంతానికి, ఆర్థిక సేవల రంగానికి దక్కిందని విమర్శకులు చూపారు. మూడో ప్రశ్న దగ్గరే విమర్శ తడబడింది. 1979కి ముందున్న పరిస్థితికి తిరిగి వెళ్లటమే ప్రత్యామ్నాయమని జనం అనుకున్నారు. ఆ శీతాకాలాన్ని వారు మరచిపోలేదు.

నష్టాన్ని సరిగా లెక్కగట్టటం ఒక పని, నష్టపోతున్నవారికి నమ్మకం కలిగించే దారి చూపటం మరో పని అన్నది ఈ పాఠంలో నేను చెప్పదలచిన ప్రధాన విషయం. బ్రిటన్ వామపక్షం మొదటి పనిలో చాలావరకు నెగ్గి, రెండోదానిలో ఓడింది. 1995లో టోనీ బ్లెయిర్ నాయకత్వంలో లేబర్ పార్టీ తన నియమావళిలోని ఉమ్మడి యాజమాన్య లక్ష్యాన్ని మార్చుకుంది. 1997లో గెలిచాక ప్రైవేటు పరమైన పెద్ద సంస్థలను వెనక్కి తీసుకోలేదు. ఈ అంచనాతో మీరు ఏకీభవించనవసరం లేదు. విభేదిస్తే ఆధారం చూపండి.

10. తెలుగు ప్రాంతంతో సంబంధం

1990లో ఇంగ్లండ్, వేల్స్‌లలో విద్యుత్ రంగాన్ని ఉత్పత్తి, సరఫరా, పంపిణీ సంస్థలుగా విడగొట్టి ప్రైవేటీకరించటం మొదలుపెట్టారు. ఈ విభజన పద్ధతి ప్రపంచ బ్యాంకు ద్వారా అనేక దేశాలకు చేరింది. మన దేశంలో ఒరిస్సా తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. ఈ సంస్కరణలకు ప్రపంచ బ్యాంకు అప్పు ఇవ్వగా, బ్రిటన్ అంతర్జాతీయాభివృద్ధి శాఖ కూడా సహాయం చేసింది. 2000లో చార్జీల పెంపుపై వామపక్షాలు, కాంగ్రెస్ పార్టీ ఆందోళన చేశాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ వద్ద పోలీసు కాల్పుల్లో ఆందోళనకారులు ప్రాణాలు కోల్పోయారు.

ఇక్కడ ఒక తేడాను గమనించండి. బ్రిటన్‌లో ప్రైవేటీకరణ ఎన్నికల్లో గెలిచిన పార్టీ సొంత సిద్ధాంతం నుంచి వచ్చింది. ఇక్కడ సంస్కరణ రుణ ఒప్పందంతో ముడిపడి ఉంది. కరెంటు బిల్లు కూడా పోల్ టాక్స్ బిల్లులాగే ప్రతి ఇంటికీ నేరుగా వస్తుంది. ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో మీ అధ్యయన కేంద్రంలో తోటి విద్యార్థులతో చర్చించండి.

11. సారాంశం

1945 తరువాత బ్రిటన్‌లో ఏర్పడిన ఏకాభిప్రాయం 1970ల సంక్షోభంలో దెబ్బతింది. థాచర్ ప్రభుత్వం ద్రవ్యవాదం, పన్నుల మార్పు, ప్రైవేటీకరణ, కార్మిక సంఘాల నియంత్రణ అనే మార్గం పట్టింది. ఆర్థికవేత్తలు ఆ విధానపు తర్కాన్ని, కార్మికోద్యమం దాని లెక్కల పద్ధతిని, స్టూవర్ట్ హాల్ దాని ప్రజాదరణకు గల కారణాలను పరిశీలించారు. భారం ఎవరిపై పడిందో చూపటంలో ఈ విమర్శ నిలిచింది. జనం నమ్మే ప్రత్యామ్నాయం చూపటంలో విఫలమైంది.

12. కీలక పదాలు

ద్రవ్యవాదం: ద్రవ్య సప్లయ్‌ను అదుపు చేయటం ద్వారా ద్రవ్యోల్బణాన్ని తగ్గించవచ్చన్న వాదం.
భావాధిపత్యం: పాలకవర్గ ఆలోచనలు సమాజమంతటికీ సహజంగా తోచే స్థితి.
గిని గుణకం: ఆదాయ అసమానతను సున్నా నుంచి ఒకటి వరకు కొలిచే సూచిక.
పోల్ టాక్స్: ఆదాయంతో, ఆస్తితో సంబంధం లేకుండా తలకింత చొప్పున వేసే పన్ను.

13. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. థాచర్ ఆర్థిక విధానంపై వచ్చిన వామపక్ష విమర్శలోని మూడు ధారలను పోల్చండి.
2. 1984–85 గని కార్మికుల సమ్మె కారణాలను, వైఫల్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 364 మంది ఆర్థికవేత్తల ప్రకటన
2. స్టూవర్ట్ హాల్ వాదంపై జెస్సప్ విమర్శ
3. మీ ఊళ్లో లేదా పట్టణంలో మూతపడిన ఒక మిల్లు, కర్మాగారం లేదా సహకార సంస్థ గురించి పెద్దలను అడిగి తెలుసుకోండి. యాజమాన్యం లెక్కలో నష్టమెంత, ఊరి లెక్కలో నష్టమేమిటి అన్నది విడివిడిగా రాయండి.